పనిస్థలంలో మత్తుపదార్థాల దుర్వినియోగం - యాజమాన్య చర్యలు

పనిస్థలంలో మత్తుపదార్థాల దుర్వినియోగం అనగా ఉద్యోగులు లేదా కార్మికులు మద్యం, మాదకద్రవ్యాలు, మత్తు కలిగించే మందులు వాడటం వలన వారి పనితీరు, ఆరోగ్యం మరియు తోటివారి భద్రత దెబ్బతినే పరిస్థితి. పనివేళల్లో సేవించటమే కాక, ముందురోజు రాత్రి సేవించిన దాని ప్రభావం మరునాటి పనిపై పడటం కూడా దీని కిందికే వస్తుంది. ఈ సమస్యపై యాజమాన్యాలు అనుసరించే మార్గాలు ముఖ్యంగా రెండు. మొదటిది పరీక్షలు జరిపి, దొరికినవారిని తొలగించటం. రెండవది వ్యసనాన్ని ఆరోగ్య సమస్యగా గుర్తించి, చికిత్స చేయించి తిరిగి పనిలోకి తీసుకోవటం. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐ.ఎల్.ఓ.) 1996లో వెలువరించిన ఆచరణ నియమావళి రెండవ మార్గాన్ని సమర్థించింది.

ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే మిగిలినచోట వ్యసనపరుడు తన అలవాటును దాచుకుంటాడు, తోటివారు అతనిని కాపాడుకొస్తారు, ప్రమాదం జరిగిన తరువాత మాత్రమే విషయం బయటపడుతుంది. అందువలన మత్తులో ఉన్న వ్యక్తిని ఆ పూట పని నుండి తప్పించటం, ఆ తరువాత అతనికి చికిత్సకు దారి చూపటం అనే రెండు బాధ్యతలను యాజమాన్యం వేరువేరుగా నిర్వహించవలసి ఉంటుంది.

## నిర్వచనాలు

మత్తుపదార్థాల వాడకంలో స్థూలంగా మూడు దశలను గుర్తించవచ్చు.

* వాడకం - అప్పుడప్పుడు సేవించటం. దీనివలన పనికి ఇబ్బంది కలగవచ్చు, కలగకపోవచ్చు.
* హానికర వాడకం - సేవించటం వలన శరీరానికి, మనసుకు, కుటుంబానికి లేదా పనికి నష్టం జరుగుతున్న దశ.
* బానిసత్వం - మానాలనుకున్నా మానలేని స్థితి. మానితే వణుకు, నిద్రలేమి, ఆందోళన వంటి లక్షణాలు కనబడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణలో ఇది ఒక రుగ్మత.

ఈ తేడా యాజమాన్యానికి అవసరం. పండుగనాడు తాగి మరునాడు పనికి ఆలస్యంగా వచ్చిన వ్యక్తికి ఒక హెచ్చరిక సరిపోవచ్చు. ఉదయం లేవగానే చేతులు వణుకుతూ, ఆ వణుకు ఆగటానికే తాగవలసి వస్తున్న వ్యక్తికి ఎన్ని మెమోలు ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

పనిస్థలాలలో ఎక్కువగా ఎదురయ్యే మత్తుపదార్థం మద్యం. దాని తరువాత గంజాయి, నల్లమందు మరియు హెరాయిన్ వంటి ఓపియాయిడ్లు, నిద్రమాత్రలు, నిద్ర పట్టకుండా చేసే ఉత్ప్రేరకాలు వస్తాయి. వైద్యుడు రాసి ఇచ్చిన మందులు కూడా పనికి అడ్డంకి కావచ్చు. జలుబుకు వాడే కొన్ని సాధారణ మాత్రలే మగత కలిగిస్తాయి. యంత్రాలు నడిపేవారు అటువంటి మందులు వాడేటప్పుడు పైవారికి తెలియజేయాలన్న నిబంధన అనేక సంస్థలలో ఉంది.

## చరిత్ర

### యాజమాన్యమే మద్యం పోసిన కాలం

కార్మికుని మద్యపానం మొదటినుండి యాజమాన్యాలు వ్యతిరేకించిన విషయం కాదు. చాలాచోట్ల యాజమాన్యాలే కార్మికులకు మద్యం పోశాయి. బ్రిటిషు నౌకాదళం నావికులకు రోజువారీగా రమ్ము ఇచ్చేది. మత్తు తగ్గించటానికి అందులో నీళ్ళు కలిపి ఇవ్వాలని అడ్మిరల్ వెర్నన్ 1740లో ఆదేశించాడు. ఈ రమ్ము పంపిణీ 1970 జూలై 31న గాని పూర్తిగా ఆగలేదు. దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ ద్రాక్షతోటలలో కూలిలో కొంతభాగాన్ని ద్రాక్షసారాయి రూపంలో ఇచ్చే "డాప్" పద్ధతి చాలాకాలం సాగింది. ఆ పద్ధతి చట్టవిరుద్ధమైన తరువాత కూడా దాని పర్యవసానమైన మద్యపాన సమస్య ఆ ప్రాంతపు వ్యవసాయ కార్మిక కుటుంబాలను వదలలేదు.

ఇంగ్లాండులో వేతనాలను మద్యశాలలలో పంచే అలవాటును నిషేధిస్తూ 1883లో ఒక చట్టం చేయవలసి వచ్చింది. మద్యశాలలో కూలి పుచ్చుకున్న కార్మికుడు అందులో కొంత అక్కడే ఖర్చు చేసి ఇంటికి వెళ్ళేవాడు. భారతదేశంలో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం వేతనాన్ని ప్రభుత్వ నాణెం లేదా కరెన్సీ రూపంలో చెల్లించాలని నిర్దేశించింది.

### సహాయ కార్యక్రమాల ఆరంభం

అమెరికాలోని ఏక్రన్ నగరంలో 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ ప్రారంభమైంది. తాగుడు మానినవారే తాగుడు మానాలనుకునేవారికి తోడ్పడటం దీని పద్ధతి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిపుణులైన కార్మికుల కొరత ఏర్పడినప్పుడు, అనుభవమున్న పనివారిని తాగుడు కారణంగా వదులుకోవటం కంటె బాగుచేసుకోవటం మేలని కొన్ని కంపెనీలు భావించాయి. 1940వ దశకంలో డ్యూపాంట్, ఈస్ట్‌మన్ కొడాక్ వంటి సంస్థలు ఇటువంటి కార్యక్రమాలను చేపట్టాయి. 1956లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తాగుడు వ్యసనాన్ని అనారోగ్యంగా గుర్తించింది. తరువాతి దశాబ్దాలలో ఈ కార్యక్రమాలు అప్పులు, కుటుంబ కలహాలు, మానసిక సమస్యలకు కూడా విస్తరించి "ఉద్యోగుల సహాయ కార్యక్రమం" అనే పేరుతో స్థిరపడ్డాయి.

వ్యసన చికిత్సలో వాడే ఒక మందు కథ కూడా కర్మాగారంతో ముడిపడి ఉంది. రబ్బరు తయారీలో వాడే తైయురామ్ రసాయనాల దగ్గర పనిచేసే కార్మికులు మద్యం తాగితే ఒళ్ళు ఎర్రబడి అస్వస్థతకు లోనవుతున్నారని 1937లో అమెరికాలోని ఒక కర్మాగార వైద్యుడు నమోదు చేశాడు. అదే కుటుంబానికి చెందిన డైసల్ఫిరామ్‌ను తాగుడు మాన్పించే మందుగా 1948లో డెన్మార్కు పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు.

నార్వేలో 1963లో యాజమాన్యాల సమాఖ్య, కార్మిక సంఘాల సమాఖ్య, ప్రభుత్వం కలిసి "ఆకాన్" అనే సంస్థను ఏర్పాటు చేశాయి. యాజమాన్యం ఒక్కటే నియమాలు విధించకుండా, కార్మిక సంఘం కూడా బాధ్యత పంచుకోవటం ఈ నమూనా ప్రత్యేకత.

### పరీక్షల యుగం

1986 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు మాదకద్రవ్య రహితంగా ఉండాలని ఉత్తర్వు జారీచేశాడు. 1987 జనవరి 4న మేరీలాండ్ రాష్ట్రంలోని చేజ్ అనే ఊరి వద్ద సరుకుల రైలు సంస్థకు చెందిన ఇంజన్లు హెచ్చరిక సిగ్నళ్ళను దాటి ప్రయాణికుల రైలు మార్గంలోకి వచ్చాయి. వెనుకనుండి వేగంగా వస్తున్న రైలు వాటిని ఢీకొని 16 మంది మరణించారు. ఇంజన్లు నడుపుతున్న సిబ్బంది గంజాయి సేవించినట్లు విచారణలో తేలింది. 1988లో మాదకద్రవ్య రహిత పనిస్థలాల చట్టం, 1991లో రవాణా రంగ ఉద్యోగులకు పరీక్షలను తప్పనిసరి చేసిన చట్టం వచ్చాయి. 1988 చట్టం ప్రభుత్వ గుత్తేదారులను లిఖిత విధానం ప్రకటించమని, ఉద్యోగులకు అవగాహన కల్పించమని కోరిందే తప్ప పరీక్షలు జరపమని ఆదేశించలేదు.

## పనిపై ప్రభావం

మద్యం శరీరం నుండి తొలగిపోయే వేగం దాదాపు స్థిరంగా ఉంటుంది. సగటున గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 మిల్లీగ్రాముల చొప్పున అది తగ్గుతుంది. అర్ధరాత్రి 12 గంటలకు 120 మిల్లీగ్రాములు ఉన్న వ్యక్తికి ఉదయం 6 గంటలకు కూడా ఇంకా 30 మిల్లీగ్రాములు ఉండవచ్చు. భారతదేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన పరిమితి ఇదే. కాఫీ, చన్నీళ్ళ స్నానం, మజ్జిగ ఈ వేగాన్ని పెంచవు. తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు వచ్చిన మనిషి తాను తేరుకున్నాననే నమ్మకంతోనే యంత్రం ముందు నిలబడే ప్రమాదం ఇందువలన కలుగుతుంది.

తరచుగా కనబడే సూచనలు ఇవి.

* జీతం ఇచ్చిన మరునాడు, వారపు సెలవు మరునాడు చెప్పకుండా మానేయటం
* పని మధ్యలో తరచుగా కనబడకపోవటం
* చిన్న చిన్న గాయాలు, పొరపాట్లు పెరగటం
* తోటివారి వద్ద చేబదుళ్ళు, జీతంపై పదేపదే అడ్వాన్సులు
* మాటలో, నడకలో, శుభ్రతలో మార్పు

వీటిలో ఏ ఒక్కటీ వ్యసనానికి రుజువు కాదు. మధుమేహం వలన రక్తంలో చక్కెర పడిపోయిన వ్యక్తి, మూర్ఛ వ్యాధి ఉన్న వ్యక్తి, ఇంట్లో రోగిని చూసుకుంటూ నిద్రలేని వ్యక్తి కూడా ఇవే లక్షణాలు చూపవచ్చు.

### పనిస్థలపు కారణాలు

వ్యసనానికి వ్యక్తిగత, కుటుంబ కారణాలతోపాటు పని పరిస్థితులు కూడా దోహదం చేస్తాయి. దూరప్రయాణపు లారీ డ్రైవర్లు నిద్ర ఆపుకోవటానికి, మురుగు కాలువలలో, శవాగారాలలో పనిచేసేవారు దుర్వాసన, జుగుప్స భరించటానికి, బరువులు మోసేవారు ఒంటినొప్పులకు మత్తును ఆశ్రయించటం కనబడుతుంది. ఊరికి దూరంగా కుటుంబం లేకుండా శిబిరాలలో ఉండటం, మారుతూ ఉండే రాత్రి షిఫ్టులు, ఖాతాదారులకు మద్యంతో విందులివ్వటం ఉద్యోగ ధర్మంగా మారటం వంటివి మరికొన్ని కారణాలు. ఇటువంటిచోట హితబోధ కంటె పని గంటలు తగ్గించటం, విశ్రాంతి గది ఏర్పాటు, యంత్రాల వినియోగం, రక్షణ సామగ్రి ఎక్కువ ఫలితమిస్తాయి. మురుగు కాలువలోకి మనిషిని దించే పనికి బదులు యంత్రాన్ని వాడినప్పుడు, ఆ పనికి ముందు తాగవలసిన అవసరం కూడా పోతుంది.

## విధాన రూపకల్పన

యాజమాన్యం చేయవలసిన మొదటి పని లిఖితపూర్వకమైన విధానాన్ని తయారు చేయటం. దీనిని కార్మిక ప్రతినిధులతో చర్చించి రూపొందించాలని, అది మేనేజరుకు, కార్మికునికి ఒకే విధంగా వర్తించాలని ఐ.ఎల్.ఓ. నియమావళి చెబుతుంది. అధికారుల విందులలో మద్యం పారిస్తూ, కార్మికులను గేటు వద్ద పరీక్షించే సంస్థలో ఏ విధానానికీ గౌరవం ఉండదు.

విధానంలో సాధారణంగా ఉండవలసిన అంశాలు:

# విధానం ఎవరికి వర్తిస్తుంది - పర్మినెంటు ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, సందర్శకులు
# పనిస్థలంలో, సంస్థ వాహనాలలో, సంస్థ జరిపే వేడుకలలో ఏవి నిషిద్ధం
# ఏ సందర్భాలలో పరీక్ష జరుపుతారు, ఎవరు జరుపుతారు, ఫలితంపై అభ్యంతరం ఎలా చెప్పుకోవచ్చు
# సహాయం కోరి స్వయంగా ముందుకు వచ్చినవారికి లభించే రక్షణ
# చికిత్స కాలంలో సెలవు, వేతనం, ఉద్యోగ భద్రత
# వివరాల గోప్యత
# నియమోల్లంఘనకు క్రమశిక్షణ చర్యలు, అవి అమలయ్యే క్రమం

వీటిలో నాలుగవ అంశం కీలకమైనది. ప్రమాదం జరగకముందే, పరీక్షలో దొరకకముందే తనంతట తాను వచ్చి చెప్పినవారికి శిక్ష లేదని స్పష్టంగా రాసి, ఆ మాట ఒక్కసారైనా నిలబెట్టుకున్న సంస్థకే ఉద్యోగులు తమ సమస్యను చెప్పుకోగలుగుతారు. అయితే ఈ రక్షణ మత్తులో వాహనం నడపటానికి గాని, పనిస్థలంలో మాదకద్రవ్యాలు అమ్మటానికి గాని వర్తించదు.

## పర్యవేక్షకుల పాత్ర

రోజూ మనుషులను దగ్గరగా చూసేది ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు, మేస్త్రీలు. వారికి ఇచ్చే శిక్షణలో ప్రధాన సూత్రం, పర్యవేక్షకుడు వైద్యుడు కాడని గుర్తించటం. "నువ్వు తాగుబోతువి" అనటం రోగనిర్ధారణ అవుతుంది. "ఈ నెలలో నాలుగు సోమవారాలు రాలేదు, రెండుసార్లు కొలత తప్పింది" అనటం పనితీరుపై మాట్లాడటం అవుతుంది. ఉద్యోగి మొదటి మాటను కాదనగలడు, రెండవదాన్ని కాదనలేడు.

మత్తులో ఉన్నట్లు అనుమానం కలిగినప్పుడు అనుసరించే క్రమం ఇది: వ్యక్తిని యంత్రం నుండి లేదా వాహనం నుండి వెంటనే తప్పించాలి, మరొక అధికారి సమక్షంలో, నలుగురిలో కాక విడిగా మాట్లాడాలి, కనబడినవి మాత్రమే తేదీ, సమయాలతో సహా రాయాలి, అనారోగ్యం కావచ్చు గనుక వైద్యుని చేత చూపించాలి, సొంత వాహనంపై పంపక తోడిచ్చి ఇంటికి చేర్చాలి. అసలు చర్చ మరునాడు, ఆ వ్యక్తి తేరుకున్న తరువాత జరగాలి.

తోటి ఉద్యోగులు జాలితో హాజరు వేయటం, అతని పని తామే చేసిపెట్టటం తరచుగా జరుగుతుంది. ఇది స్నేహంగా కనిపించినా చికిత్సను వాయిదా వేస్తుంది. భార్యకు, పిల్లలకు జీతం అందక బాధలు మొదలయ్యేసరికి వ్యసనం ముదిరిపోతుంది.

## పరీక్షలు

పరీక్షలు జరిపే సందర్భాలు ఐదు: ఉద్యోగంలో చేరేముందు, సహేతుకమైన అనుమానం కలిగినప్పుడు, ప్రమాదం తరువాత, యాదృచ్ఛికంగా, చికిత్స తరువాత పనిలో చేరేటప్పుడు. మద్యానికి బ్రీత్ అనలైజర్, ఇతర పదార్థాలకు మూత్ర పరీక్ష ఎక్కువగా వాడతారు. లాలాజలం, రక్తం, వెంట్రుకలతో కూడా పరీక్షలు జరుపుతారు.

పరీక్షలకు కొన్ని పరిమితులున్నాయి.

* మత్తుకు, వాడకానికి తేడా - బ్రీత్ అనలైజర్ ఆ క్షణంలో శరీరంలో ఉన్న మద్యాన్ని కొలుస్తుంది. మూత్ర పరీక్ష గతంలో వాడిన సంగతిని చెబుతుందే గాని ఆ సమయంలో మత్తులో ఉన్నాడో లేదో చెప్పదు. గంజాయి ఎక్కువగా వాడేవారి మూత్రంలో దాని అవశేషాలు వారాల తరబడి కనబడతాయి. ఎక్కువ ప్రమాదకరమైన కొన్ని పదార్థాల అవశేషాలు రెండు మూడు రోజులలోనే పోతాయి.
* తప్పుడు ఫలితాలు - ప్రాథమిక మూత్ర పరీక్ష కొన్ని మామూలు మందులకు కూడా పాజిటివ్ చూపుతుంది. అందువలన గ్యాస్ క్రొమాటోగ్రఫీ - మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి నిర్ధారణ పరీక్ష జరగనిదే చర్య తీసుకోరాదు. గసగసాలు తిన్నవారి మూత్రంలో మార్ఫీన్ కనబడే అవకాశం ఉన్నందున అమెరికా ప్రభుత్వం 1998లో ఆ పరీక్ష పరిమితిని మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుండి 2000 నానోగ్రాములకు పెంచింది. మద్యం కలిసిన మౌత్‌వాష్‌తో పుక్కిలించిన వెంటనే ఊదితే బ్రీత్ అనలైజర్ కూడా తప్పు చూపవచ్చు. సుమారు 15 నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్షించటం పద్ధతి.
* నమూనా భద్రత - సేకరించిన నమూనా ఎవరి చేతుల మీదుగా ప్రయోగశాలకు చేరిందో నమోదు లేకపోతే ఫలితానికి విలువ ఉండదు.

రైలు, విమానం, బస్సు, క్రేన్ వంటివి నడిపేవారికి పరీక్షలు అవసరమన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. మిగిలిన ఉద్యోగులందరికీ యాదృచ్ఛిక పరీక్షలు జరపటంపై వివాదముంది. కెనడా సుప్రీంకోర్టు 2013లో ఒక కాగితం మిల్లు కేసులో, పని ప్రమాదకరమైనదైనంత మాత్రాన యాదృచ్ఛిక మద్య పరీక్షలు విధించటం చెల్లదని, అక్కడ మద్యం సమస్య నిజంగా ఉన్నట్లు ఆధారం చూపాలని తీర్పునిచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1989లో రైలు ప్రమాదాల తరువాత సిబ్బందికి జరిపే పరీక్షలను సమర్థించింది. కాలిఫోర్నియాలో 2024 జనవరి 1 నుండి, మత్తు కలిగించని గంజాయి అవశేషాలు కనబడ్డాయన్న కారణంతో ఉద్యోగిపై చర్య తీసుకోవటాన్ని కొన్ని మినహాయింపులతో నిషేధించారు.

## చికిత్స, తిరిగి పనిలోకి రావటం

### అకస్మాత్తుగా మానటంలోని ప్రమాదం

"రేపటినుండి తాగకుండా వస్తేనే పని" అని చెప్పటం సులభం. కాని చాలాకాలంగా ఎక్కువగా తాగుతున్న వ్యక్తి ఒక్కసారిగా మానితే ఫిట్సు, మతిభ్రమణ రావచ్చు. మానిన రెండు నుండి నాలుగు రోజులలో తలెత్తే డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి ప్రాణాంతకం కాగలదు. తెలుగు ప్రాంతంలో దీనికి ఉదాహరణలున్నాయి. తెలంగాణలో డైజోపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుపై 2015లో ప్రభుత్వం దాడులు ముమ్మరం చేసినప్పుడు, దానికి అలవాటుపడిన కూలీలు వింత ప్రవర్తనతో, ఫిట్సుతో ఆసుపత్రులలో చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన మద్యం దుకాణాలు మూతబడినప్పుడు కూడా హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగుల తాకిడి పెరిగింది. కనుక మానమని చెప్పే యాజమాన్యం వైద్యుని వద్దకు పంపే బాధ్యత కూడా తీసుకోవలసి ఉంటుంది.

### చికిత్స దశలు

మొదట వైద్యుని పర్యవేక్షణలో శరీరం నుండి మత్తును తొలగిస్తారు. ఇది కొన్నిరోజుల పని. ఆ తరువాత కౌన్సెలింగ్, అవసరమైనచోట మందులు, కుటుంబ సభ్యులతో చర్చలు, స్వయం సహాయక బృందాల సమావేశాలు నెలల తరబడి సాగుతాయి. మద్యానికి నాల్ట్రెక్సోన్, డైసల్ఫిరామ్ వంటివి, ఓపియాయిడ్లకు బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వాడతారు. డైసల్ఫిరామ్ వాడుతూ మద్యం తాగితే ప్రమాదం గనుక రోగికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టటం తగదు.

భారతదేశంలో ఈ రంగంలో పేరుపొందిన సంస్థలు: బెంగుళూరులోని నిమ్హాన్స్, ఎయిమ్స్ ఆధ్వర్యంలో ఘజియాబాదులో ఉన్న జాతీయ వ్యసన చికిత్సా కేంద్రం, 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో స్థాపించిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ సహాయంతో నడిచే పునరావాస కేంద్రాలు అనేక జిల్లాలలో ఉన్నాయి. వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 అనే ఉచిత ఫోన్ నంబర్లు జాతీయస్థాయిలో పనిచేస్తున్నాయి.

2018లో జరిపి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుండి 75 ఏళ్ళ వయసువారిలో 14.6 శాతం, అనగా సుమారు 16 కోట్లమంది మద్యం సేవిస్తారు. వీరిలో 5.7 కోట్లమందికి పైగా సహాయం అవసరమైన స్థితిలో ఉన్నారు. మద్యానికి బానిసలైనవారిలో 38 మందిలో ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పారు. ఈ అంతరాన్ని తగ్గించగల స్థానాలలో పనిస్థలం ఒకటి. రోజూ హాజరు పట్టీలో సంతకం చేసే మనిషిలో మార్పును గమనించే అవకాశం ఆసుపత్రి కంటె ముందు యాజమాన్యానికే ఉంటుంది.

### పునరాగమనం

చికిత్స పూర్తయిన ఉద్యోగి తిరిగి చేరేటప్పుడు వైద్యుని ధ్రువపత్రం, కొంతకాలం ముందుగా చెప్పని పరీక్షలు, క్రమం తప్పని కౌన్సెలింగ్ వంటి షరతులతో లిఖిత ఒప్పందం చేసుకోవటం పరిపాటి. మొదట్లో ప్రమాదం తక్కువగా ఉన్న పని, పగటి షిఫ్టు ఇస్తారు. వ్యసనం తిరగబెట్టే స్వభావం గల రుగ్మత గనుక ఒకసారి జారినంతమాత్రాన చికిత్స విఫలమైనట్లు కాదు. అయితే ఎన్ని అవకాశాలు ఇస్తారన్నది ముందే తేల్చి చెప్పటం ఇరుపక్షాలకూ మంచిది.

భద్రత అత్యంత ప్రధానమైన వృత్తిలోనూ ఇది సాధ్యమేనని అమెరికా విమాన పైలట్ల అనుభవం చూపింది. 1974లో మొదలైన "హిమ్స్" కార్యక్రమంలో పైలట్ల సంఘం, విమాన సంస్థలు, ప్రభుత్వ విమానయాన శాఖ కలిసి పనిచేస్తాయి. చికిత్స పొంది, కఠినమైన పర్యవేక్షణకు ఒప్పుకున్న వేలాదిమంది పైలట్లు దీనిద్వారా తిరిగి విధులలో చేరారు.

## చిన్న సంస్థలు, అసంఘటిత రంగం

పెద్ద కంపెనీలు బయటి కౌన్సెలింగ్ సంస్థలతో ఒప్పందం చేసుకొని ఉద్యోగులకు ఫోన్ ద్వారా గోప్యంగా సలహా ఇప్పించగలవు. పదిమంది పనిచేసే వర్క్‌షాపుకు, భవన నిర్మాణ మేస్త్రీకి అది సాధ్యం కాదు. వారు చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి.

* కూలిని మద్యం రూపంలో గాని, మద్యం దుకాణం వద్ద గాని ఇవ్వకపోవటం
* రోజు చివర చేతికి నగదు ఇవ్వటానికి బదులు బ్యాంకు ఖాతాలో వేయటం
* పరంజాలు, యంత్రాలు ఎక్కేముందు ప్రతి ఉదయం కొద్ది నిమిషాలు అందరితో మాట్లాడటం
* సమీపంలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగం వివరాలు, ఉచిత ఫోన్ నంబర్లు అందరికీ కనబడేలా రాసి ఉంచటం
* తాగునీరు, నీడ, భోజన విరామం కల్పించటం

కూలి డబ్బు ఇంటికి చేరకుండా సారాకు పోవటం తెలుగు సమాజంలో ఒక మహోద్యమానికే దారితీసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపినది ఎక్కువగా వ్యవసాయ కూలీ కుటుంబాల స్త్రీలు. దీని ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు.

## భారతదేశంలో చట్టాలు

పనిస్థలంలో మత్తుపదార్థాల విషయమై ప్రత్యేక చట్టమేదీ భారతదేశంలో లేదు. వివిధ చట్టాలలోని అంశాలు వర్తిస్తాయి.

* రైల్వేల చట్టం, 1989 - విధి నిర్వహణలో మత్తులో ఉన్న రైల్వే ఉద్యోగి శిక్షార్హుడు. ప్రయాణికుల భద్రతకు ముప్పు కలిగే సందర్భంలో ఏడాది వరకు జైలుశిక్ష విధించవచ్చు.
* మోటారు వాహనాల చట్టం, 1988 - 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యంతో వాహనం నడపటం నేరం.
* విమానయాన నియమాలు - విమాన సిబ్బంది ప్రయాణానికి ముందు 12 గంటలపాటు మద్యం ముట్టరాదు. 2022 నుండి ఇతర మత్తుపదార్థాలకు కూడా యాదృచ్ఛిక పరీక్షలు మొదలయ్యాయి. వీటిలో మొదటిసారి పట్టుబడినవారిని వ్యసన విముక్తి కేంద్రానికి పంపాలన్నది నియమం.
* మాదకద్రవ్యాల (ఎన్.డి.పి.ఎస్.) చట్టం, 1985 - తన ఆవరణను మాదకద్రవ్య నేరాలకు తెలిసి వాడుకోనిచ్చిన యజమాని 25వ సెక్షను కింద శిక్షార్హుడు. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే 64ఎ సెక్షను అతనికి విచారణ నుండి రక్షణ కల్పిస్తుంది.
* మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 - మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా ఈ చట్టం దృష్టిలో మానసిక అనారోగ్యమే. చికిత్స వివరాల గోప్యత రోగి హక్కు.
* నష్టపరిహారం - కార్మికుడు మత్తులో ఉండటం వలన జరిగిన గాయానికి యజమాని పరిహారం చెల్లించనవసరం లేదని 1923 నాటి చట్టం చెప్పింది. కాని మరణానికి, శాశ్వత పూర్తి అంగవైకల్యానికి ఈ మినహాయింపు వర్తించదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020లో కూడా ఈ ఏర్పాటు కొనసాగింది.

పనివేళల్లో తాగి ఉండటాన్ని సంస్థల స్థాయీ ఉత్తర్వులు సాధారణంగా దుష్ప్రవర్తనగా పరిగణిస్తాయి. అయినప్పటికీ ఆరోపణ పత్రం ఇచ్చి, కార్మికుని వాదన విని, విచారణ జరిపిన తరువాతే తొలగింపు వంటి శిక్ష విధించాలి. 2008 అక్టోబరు 2 నుండి పనిస్థలాలతో సహా బహిరంగ ప్రదేశాలలో ధూమపానంపై నిషేధం అమలులో ఉంది.

## విమర్శలు

యాజమాన్య కార్యక్రమాలపై ప్రధానంగా మూడు విమర్శలున్నాయి. మొదటిది, సెలవు రోజున ఇంటివద్ద ఉద్యోగి ఏమి చేశాడన్నది యాజమాన్యానికి అనవసరమని, మూత్ర పరీక్ష వ్యక్తిగత జీవితంలోకి చొరబాటని పౌరహక్కుల సంఘాల వాదన. రెండవది, పరీక్షలు కింది స్థాయి కార్మికులకే పరిమితమై పై అధికారులను తాకవని కార్మిక సంఘాలు అంటాయి. మూడవది, కౌన్సెలరుకు చెప్పిన విషయం యాజమాన్యానికి చేరుతుందన్న అనుమానం వలన సహాయ కార్యక్రమాలున్నా వాటిని వాడుకునేవారు తక్కువ. కౌన్సెలింగును సంస్థకు బయట ఉంచటం, ఉద్యోగి పేరు లేకుండా సంఖ్యలు మాత్రమే యాజమాన్యానికి తెలపటం దీనికి పరిష్కారంగా సూచిస్తారు.

మరోవైపు, బస్సులో కూర్చున్న ప్రయాణికునికి, పరంజా కింద పనిచేసే తోటి కూలీకి కూడా హక్కులున్నాయని, వారి ప్రాణాలతో ముడిపడిన పనులలో పరీక్షలు తప్పవని సమర్థకులు చెబుతారు. ఈ రెండు వాదనల మధ్య, పరీక్షను భద్రత కోసం పరిమితంగా వాడుతూ, పట్టుబడినవారికి, స్వయంగా చెప్పుకున్నవారికి చికిత్స అవకాశం కల్పించే పద్ధతి అనేక దేశాలలో ఆదరణ పొందింది.

## ఇవి కూడా చూడండి

* మద్యపానం
* మాదకద్రవ్యాలు
* సారా వ్యతిరేక ఉద్యమం
* అంతర్జాతీయ కార్మిక సంస్థ
* ఆల్కహాలిక్స్ అనానిమస్
* వృత్తి సంబంధ ఆరోగ్యం